గోడ మీది పాత పేరు

తెల్లవారినప్పటి నుంచి పెనాకు కాలు ఒకచోట నిలవడం లేదు. మగవాళ్లయ్యే దీక్షకని అడవికి వెళ్లిన కుర్రాళ్లు ఈ పూట ఊళ్లోకి వస్తున్నారు, వాళ్లలో తన కొడుకూ ఉన్నాడు. వచ్చినవాడు కన్నతల్లిని కూడా ఎరగనట్టే ఉండాలి. నవ్వకూడదు, మాట్లాడకూడదు, తల తిప్పకూడదు. చిన్నప్పటి పేరు అడవిలోనే పోయింది. ఇక దాన్ని ఎవరూ పలకరు. నోటి పేరైతే గాలిలో కలిసిపోయేది. ఈ వెధవ దాన్ని గోడ మీద గీసిపెట్టాడు!

పోయినేడు తమ భాష బస్సారీ అక్షరాలు నేర్పే తరగతికి వెళ్లొచ్చి, పచ్చిమట్టి గోడ మీద మేకుతో రాశాడు: "నేను తమా, పెనా కొడుకుని." దాని మీద వేలు పెట్టించి మరీ తల్లికి చదవడం నేర్పాడు. ఇప్పుడది చూసి వాడు రెప్ప కదిపితే చాలు, ఊరంతటి ముందు పరువు పోతుంది, పడ్డ కష్టమంతా మట్టిపాలు.

పెనా తడిమట్టి తెచ్చి గబగబా మెత్తుతోంది. తోడికోడలు ఇందెగా జొన్న బీరు వడగడుతూ నవ్వింది.

"ఊళ్లో రెండో కొడుకులందరూ తమాలేగదే! ఎందుకంత హైరానా?"

"పెనా కొడుకు తమా ఒక్కడేగా అక్కా! నవ్వుతావు, నీకేం? నా గుండె పీచుపీచుమంటోంది."

మట్టి ఆరకముందే బూరలు వినిపించాయి. పెనా గోడకు వీపు ఆనించి నిలబడింది. దీక్షపెద్ద వెంట కొడుకు వచ్చాడు. చిక్కి సగమయ్యాడు. తల్లిని చెట్టును చూసినట్టు చూశాడు. ఆమె తట్టుకోలేక ఒక్క అడుగు ముందుకేసింది. వీపుకంటుకుని మట్టి పెళ్లలుగా ఊడొచ్చింది. అక్షరాలు బయటపడ్డాయి.

కొడుకు చూపు వాటి మీద పడింది. రెప్ప కదల్లేదు. గట్టెక్కాడు! సంతోషించాల్సింది పోయి, పెనా ఇంట్లో దూరి ఏడ్చింది. వీడు నిజంగానే అంతా మరిచాడేమో.

కొన్నాళ్లకు కుర్రాళ్లు మళ్లీ మాట్లాడే రోజు వచ్చింది. అప్పుడే పుట్టినవాడికి చెప్పినట్టు అందరూ ఇది కుండ, ఇది నిప్పు అని చూపిస్తున్నారు. వాడు గోడ దగ్గరికి వచ్చాడు.

"ఇదేంటి?"

"రాత. నేను చదువుతా, నా వెంట అను." తమా అన్న పేరు మీద పెనా అరచెయ్యి అడ్డం పెట్టింది. రెండో చేత్తో వాడి వేలు పట్టుకుని మిగతా అక్షరాల మీద నడిపించింది. "నేను... పెనా కొడుకుని."

"నేను పెనా కొడుకుని," అన్నాడు. వాడి వేలు వెనక్కి, ఆమె అరచెయ్యి కింద పేరున్న చోటికి జరగబోయింది.

పెనా మాత్రం చెయ్యి తియ్యలేదు.