ఐలవ్వ గోడ మీది గీత

వాగు నీళ్ళ సంగతిల నా మాట ఇంచు తప్పదు. మెట్‌పల్లి నుంచి నిర్మల్ దాక ఎవల్నన్న అడుగుండ్రి. నాగయ్య చెప్పిన ఎత్తు కాడికి వాగే వచ్చి ఆగుతదంటరు. చిన్నప్పుడు మా బడి పంతులు సుత నన్నడిగే వానకాలం సెలవులిచ్చేటోడు. గింత పేరున్నోన్ని కాబట్టే గీ కథ నేను చెప్పాలె. ఇనుండ్రి.

మిరుగు కార్తె ఇంక రాలే. ఎండ నెత్తి మాడుస్తున్నది. మా వాగొడ్డు వాడల బట్టలు నేసే సాంచెలు టకటక నడుస్తున్నయి, ఆడోళ్ళు అరుగుల మీద బీడీలు చుడుతుండ్రు. జీపొచ్చి ఆగింది. ఇద్దరు దిగిండ్రు, ఒకని చేతిల ఎర్ర రంగు డబ్బ. ఎవల్ని అడగలే, ఎవలికి చెప్పలే. ఇంటింటి గోడకు అడ్డం ఒకటి, నిలువు ఒకటి గీట్లు కొట్టుకుంట పోయిండ్రు. అరవై రెండు ఇండ్లు.

ఐలవ్వ ఒళ్ళెకెల్లి బీడీల చాట పక్కకు పెట్టి లేచింది. నాకు వదినె వరస. మొగడు సచ్చిపోయినంక ఇరవై ఏండ్లు బీడీలు చుట్టి రెండర్రల ఇల్లు కట్టుకున్నది.

"ఓ కొడుకా, మొన్ననే సున్నమేసిన. గా గీట్లేంది?"

"కొత్త ముంపు మ్యాపొచ్చిందవ్వా. గీ ఇండ్లన్ని వాగులకే వస్తయి. నెల దినాలల్ల ఖాళీ చెయ్యాలె."

"నా ఇల్లు వాగులకు రాలే కొడుకా. వాగే నా ఇంటికొచ్చింది, ఒక్కపారి. చూసి పోయింది."

వాడు నవ్వలే. పక్కింటికి పోయిండు.

కరీంనగర్ల డిగ్రీ చదివే మా వాడ పిల్ల సృజన ఫోన్ల మ్యాపు తీసింది. అందరం మూగినం. నీలిరంగు మా ఇండ్లన్నిటిని మింగింది. పక్కనే ఓంప్రకాశ్ కాంట్రాక్టర్ వెంచరున్నది. వాగు కడుపులనే మట్టి పోసి, చుట్టూ గోడ కట్టి, ప్లాట్లు చేసిండు. నీలిరంగు గా గోడ దాక వచ్చి, పామును చూసిన దూడ లెక్క పక్కకు మళ్ళింది.

"గీడ ఇంకోటి రాసిండ్రు తాతా," అన్నది సృజన. "వరద ఎత్తుకు ఆధారం: ఐలవ్వ ఇంటి గోడ మీది గుర్తు."

నేను గుంపులకెల్లి ఎనుకకు జరిగిన.

మొదలు కొట్టిన గొప్పను గిక్కడనే విప్పుతున్న. మా వాడల ఒక పద్ధతున్నది. వరద తీసినంక నీళ్ళెక్కడి దాక వచ్చినయో గోడ మీద ఎర్రమన్ను జాజుతోని గీత గీసి, బొట్టు పెట్టి, గంగమ్మకు కొబ్బరికాయ కొడుతం. గీసే పని నాది. మూడేండ్ల కింద వరదొస్తే ఐలవ్వ ఇంట్ల మోకాలి మంటి నీళ్ళు, మోకాలు దాటలే. అవుతలి ఒడ్డోళ్ళు మాకు నడుము దాక వచ్చినయని మీసాలు తిప్పుతుండ్రు. నాకు మండింది. స్టూలెక్కి దర్వాజ మీది గోడకు గీసిన!

"మోకాలు తడిసింది మరిదీ, నెత్తి మీద గీస్తవేంది?" అన్నది ఐలవ్వ.

"గంగమ్మ గింత దూరమొచ్చింది నీ మోకాళ్ళు చూడనీకా వదినే?"

మా వాడంత పడి పడి నవ్వింది. సర్వే సార్లు కొలుసుకపోయింది గా నవ్వునే.

సాంచెలు బందు వెట్టి షెడ్డుల మీటింగు పెట్టుకున్నం. ఓంప్రకాశ్ కాళ్ళు మొక్కుదామని ఒకలు, కోర్టుకు పోదామని ఒకలు. నేను లేచి ఉన్న మాట చెప్పిన.

"ముసలోడా, నీ గొప్పల మా కొంపలు ముంచితివి గదనే!" అన్నడు గోడలు కట్టే సుతారి కొమురెల్లి.

ఐలవ్వ లేచింది.

"గీత నాగయ్య గీసిండు, నిజమే. మనమందరం నవ్వినం. మరి మ్యాపుల వంకర ఎవడు గీసిండు?"

కొమురెల్లి మెల్లగ అన్నడు, "నీళ్ళకు వంకరుండదవ్వా. నా కాడ లెవల్ పైపున్నది."

సుతారోళ్ళ లెవల్ పైపు తెలుసు గదా? నీళ్ళు నింపి రెండు కొసలు పట్టుకుంటే రెండు దిక్కుల నీళ్ళు ఒక్క ఎత్తుకే నిలుస్తయి. తెల్లారి ఐలవ్వ దర్వాజ మీదికెల్లి మొదలువెట్టినం. గోడ గోడకు గీత మోసుకుంట వాడంత నడిసింది. ఓంప్రకాశ్ గోడ కాడికి వచ్చేసరికి పైపుల నీళ్ళు గోడ మీది గాజు పెంకులను దాటి నిలిచినయి. ఐలవ్వ మోకాలి కాడికెల్లి మళ్ళొకపారి కొలిచినం. అప్పుడు సుత వాని గోడకు నడుము మంటి వచ్చింది.

ఓంప్రకాశ్ సర్వే ఆఫీసు పెద్ద సారును కారుల తోలుకొచ్చిండు. "ఏందిరా గీ తమాష?" అని మా మీదికొచ్చిండు.

నేను ముందుకు పోయిన. "సారూ, దర్వాజ మీది గీత నేను గీసిన అబద్ధం. అది అబద్ధమైతే మా ఇండ్లు నిలవాలె. నిజమంటవా, వీని వెంచరు మునగాలె. రెండిట్ల ఏదన్న ఒకటి రాయి."

"మ్యాపు పాసైంది," అన్నడు సారు. "పైపులు పట్టుకొని మారుస్తరా?"

"జాజుగీత పట్టుకొని గీసినోళ్ళు మీరే గదా సార్!" అన్నది సృజన.

జనం గొల్లున నవ్విండ్రు. సారు కారెక్కిండు.

నెల నిండకముందే జేసీబీ వచ్చింది. ముందు ఐలవ్వ ఇంటి మీదికే తోలిండ్రు. ఆధారం లేకుంట చేసుడన్నట్టు. ఆమె గడప మీద కూసున్నది, చుట్టూ మేమందరం. పోలీసులు ఒక్కొక్కల్ని గుంజి వ్యాన్లల్ల ఏసిండ్రు, నలభై మందిని. గడప వట్టుకున్న ఐలవ్వ చేతులు విడిపించిండ్రు. దర్వాజ మీది గోడ పడ్డది. వ్యాను జాలీలకెల్లి చూసి ఆమె నా దిక్కు తిరిగి నవ్వింది. "ఇగ దించు మరిదీ నీ గీత," అన్నది.

స్టేషన్లనే ఆమెకు ఊపిరాడలే. కరీంనగర్ దవాఖాన్ల మూడో దినం కన్ను మూసింది.

పాడెను వెంచరు మీదికెల్లి తీసుకపోయినం. వాడ వాడంత జాజుల చెయ్యి ముంచి వాని గోడకు నడుము మంటి గీత గీసుకుంట నడిసింది. పొద్దుగూకేటాళ్ళకు ఓంప్రకాశ్ సున్నం కొట్టించిండు. తెల్లారి మళ్ళ గీసినం. నిన్న కూడ గీసినం. జేసీబీ రెండోపారి వచ్చినప్పుడు అవుతలి ఒడ్డోళ్ళు సుత వచ్చి మాతోని అడ్డం కూసున్నరు. మిగిలిన అరవై ఒక్క ఇండ్లు ఇంక నిలిచే ఉన్నయి. సోమారం జిల్లా ఆఫీసుకు లెవల్ పైపు పట్టుకొని పోతున్నం. వాళ్ళ కుర్చీలు ఏ ఎత్తున ఉన్నయో కొలువాలె.

గిందుల నేను కల్పించింది ఒక్కటున్నది. వ్యాన్ల ఐలవ్వ నవ్వలే. నాతోని ఒక్క మాట మాట్లాడలే. పడ్డ గోడనే చూసుకుంట కూసున్నది.