ఒక్క అంకెకే చోటు

టవర్ క్రేన్ నడిపేవాళ్లకు గాలి వేగం చూపించే ప్రోగ్రాం మాది. తెరమీద పక్కన సన్నటి సందు తప్ప చోటు లేదు కాబట్టి, అంకెల్ని తొంభై డిగ్రీలు తిప్పి నిలువుగా గీయమన్నాడు మేనేజర్. తొంభై అని రాస్తే అంకె కాస్త వాలింది, తాగొచ్చి గోడకు ఆనుకున్నవాడిలా. అంకెను తిప్పే ఆ కమాండ్‌ది డిగ్రీలో పదోవంతుల లెక్కట. తొమ్మిది వందలు రాశాను, నిటారుగా లేచింది. సెన్సర్ ముందు టేబుల్ ఫ్యాన్ పెట్టి పరీక్షించాం. గంటకు తొమ్మిది కిలోమీటర్లని చూపించింది. లోకంలోని తుపానులన్నీ ఆ ఫ్యాన్ దగ్గరే శిష్యరికం చేశాయన్నంత ధీమాతో, పొద్దున్నే క్రేన్‌కి పంపించేశాం.

మధ్యాహ్నం ఆఫీసు కిటికీలు దడదడలాడాయి. ఊరికే, ప్రోగ్రాంలో అరవై రెండు కొట్టి చూశాను.

తెరమీద ఆరు.

తిప్పిన అంకెలు కింద మొదలై పైకి పోతాయి. నేను ఒక్క అంకెకే చోటు వదిలాను. రెండో అంకె పై అంచు దాటి కనబడకుండా పోయింది.

ఆ క్రేన్ మీదున్నది మా అక్క మొగుడు. వెంటనే ఫోన్ చేశాను.

"బావా, ఏం ఎత్తుతున్నావ్?"

"రాడ్ల కట్ట. ఏం?"

"దించెయ్! గాలి ఎక్కువుంది. తెర తప్పు చూపిస్తోంది."

"మొన్న నా హెల్మెట్‌లో రబ్బరు బల్లి పెట్టింది ఎవర్రా?"

"బావా, నిజంగా! క్యాబిన్ ఊగట్లేదా?"

"ఇది ఊగని రోజెప్పుడు? ఆరే ఉంది బామ్మర్దీ, పని చూసుకోనీ."

"అక్క మీద ఒట్టు!"

"పోయినసారీ అక్క మీదే ఒట్టేశావ్."

ఏడుపొచ్చేసింది. "నీ రుమాలు కిటికీ బయట పెట్టి చూడు. ఆ ఒక్కటీ చెయ్యి."

కిటికీ జరిపిన చప్పుడు. తర్వాత ఫోన్లో గాలి కూత.

"పోయిందిరా," అన్నాడు. గొంతులో నవ్వు లేదు. "చేతిలోంచి లాక్కుపోయింది."

మోటారు మూలుగు మొదలైంది. "కట్ట ఊగుతోంది... జరగండ్రా! కిందోళ్లంతా జరగండి!" మా బావ అలా అరవడం ఎప్పుడూ వినలేదు. దూరంగా ఇనుము దభేల్‌మని పడ్డ చప్పుడు.

"బావా! ఎవరికైనా..."

"లేదు. అందరూ జరిగారు."

"నువ్వు దిగు మరి."

"ఈ గాల్లో నిచ్చెన మీదా? తగ్గేదాకా ఇక్కడే." క్యాబిన్ కిర్రుమంది. "ఫోన్ పెట్టెయ్యకు. ఏదో ఒకటి మాట్లాడు. జోకులు మాత్రం వద్దు."

తొంభై అని రాస్తే అంకె వాలిన దగ్గర్నుంచీ చెప్పడం మొదలుపెట్టాను.