సారుకు అక్షరాలు రావు

బడిలో చేరిన మొదటి రోజే నర్మదకు ఒక సంగతి తెలిసిపోయింది. దామోదర్‌రావు సారుకు అక్షరాలు రావు. మనిషి మంచివాడే. తెల్లటి ధోవతి, జేబులో పెన్ను, గదంతా మోగే గొంతు. కానీ నల్లబల్ల మీద ఏది రాసినా తలకిందులుగా రాస్తాడు. పాపం, అందరి ముందూ ఆ మాట అనేస్తే ఆయన పరువేం కావాలి? అందుకే ఆరేళ్ల నర్మద నోరు మూసుకుని ఊరుకుంది.

ఆమెకు అక్షరాలు బడికి రాకముందే వచ్చు. అన్న దశరథం రోజూ సాయంత్రం అరుగు మీద కూర్చుని, పలక ఒళ్లో పెట్టుకుని, పైకి చదువుతూ రాసేవాడు. పక్కన కూర్చుంటే మోచేతికి అడ్డమని కసిరేవాడు కాబట్టి నర్మద ఎదురుగా కూర్చుని చూసేది. ఏడాది పాటు అలా చూసి చూసి ఒక్కటీ వదలకుండా నేర్చేసుకుంది. అంత చురుకైన పిల్ల బోథ్ ఊరంతా గాలించినా దొరకదు.

సారు బల్ల మీద అక్షరం చూపించి "ఇదేంది?" అంటే, నర్మద మెడ వంచి, ఇంకా వంచి, మోకాళ్ల దాకా తల తెచ్చి చూసేది.

"కోతి యేషాలెయ్యకు, సక్కగ నిలవడు!" అని సారు గద్దించేవాడు. పిల్లలు పగలబడి నవ్వేవాళ్లు. కుర్చీ పక్కన నిలబడి పలక చూపిస్తే, అరవై మందితో వేగలేని సారు ఒక్క చూపు చూసి తప్పని కొట్టేసేవాడు.

పత్తి పగిలే రోజులొచ్చాయి. సారు నర్మద తండ్రి లింగమూర్తిని పిలిపించాడు.

"ఐదు నెలలాయె, నీ బిడ్డకు ఒక్క అక్షరం రాలే. గీ ఏడు ఇంటికాడ ఉంచు, వచ్చే ఏడు సూద్దాం."

"గట్లనే సారు. ఎట్లైన పత్తి ఏరనీకి మనుషులు దొరుకుతలేరు," అన్నాడు లింగమూర్తి. కొంత బాధ, కొంత ఊరట.

అక్కడే ఉన్న నర్మద పలక పట్టుకుని ముందుకొచ్చింది. బడి ఆమెకు ప్రాణం. తనను చూసి నవ్వే ఆ పిల్లలు కూడా కావాలి. ఇంక మర్యాదలు చూస్తూ కూర్చుంటే పని కాదనుకుంది. కుర్చీ పక్కన తండ్రి నిలబడి ఉన్నాడు గనుక సారు ఎదుట నేల మీదే చతికిలబడి, పలక మీద గబగబా రాసింది.

సారు విసుగ్గా కిందికి చూశాడు.

"అవ్వ... బాపు... బడి," అని పైకి చదివాడు. లేచి వెళ్లి నర్మద వెనక నిలబడి చూశాడు. అంతా తలకిందులు. మళ్లీ ముందుకొచ్చి చూశాడు. ఒక్క తప్పు లేదు.

"ఇన్నొద్దులు ఉల్టా రాస్తున్నవానే?"

"నేను గాదు సారు, మీరే!" అంది నర్మద. "అందరి ముంగట అంటే మీ ఇజ్జత్ పోతదని చెప్పలే."

లింగమూర్తి హడలిపోయాడు. సారుకు నవ్వొచ్చింది, అంతకు మించి సిగ్గేసింది. ఐదు నెలల్లో ఒక్కసారైనా ఆ పిల్ల ఎదుట కూర్చుని చూడలేదు. ధోవతి మాసిపోతుందని కూడా అనుకోకుండా నర్మద పక్కన నేల మీద కూర్చున్నాడు.

"మరి పత్తి, సారు?" అన్నాడు లింగమూర్తి మెల్లగా.

"నువ్వే ఏరుకో పో," అన్నాడు సారు, బలపం అందుకుంటూ. "ఐదు నెలలు నా ఇజ్జత్ కాపాడిన పిల్లను నేను పంపుతనా?"