పక్కింటి సూర్యుడు

వ్యాపారంలోకి దిగేటప్పుడు అతని పెట్టుబడి వణకని చేతులు, కళ్లజోళ్ల దుకాణంలో అద్దాలు అరగదీసి నేర్చిన ఓపిక. బావమరిది తన హోటలు మేడమీద టెలిస్కోపు పెట్టి, డబ్బులకు జనానికి చూపించడానికి రమ్మంటే ఆ రెండూ పట్టుకుని వెళ్లాడు.

ఈ సాయంత్రమూ కంటిఅద్దం తుడుస్తున్నాడు. కాటుక, చెమట, ఊడిన రెప్పవెంట్రుక. ఎవరిదో తలనూనె వేలికి జిడ్డుగా అంటుకుంది. వంటింటి పొగగొట్టం కమురు వాసన కక్కుతోంది. ఒకాయన పళ్లసందులు కెలుక్కున్న వేలితోనే టెలిస్కోపు గొట్టం పట్టుకున్నాడు. అతను దాన్నీ తుడిచాడు.

గోడమీద బోర్డు: ‘పక్కింటి సూర్యుణ్ణి చూడండి.’ మొదట్లో నిజంగా మన సూర్యుడికి పక్కనున్నవే చూపించాడు. నారింజరంగు మరుగుజ్జు నక్షత్రాల జంట, బాగా మసక. జనం పెదవి విరిచారు. బావమరిది గొట్టాన్ని పడమట మండే స్వాతి నక్షత్రానికి తిప్పించాడు. అది ఎక్కడో దూరాన ఉన్న మహాకాయం.

“బావా, మనం అమ్మేది నక్షత్రం కాదు, సరదా,” అన్నాడు.

ఏళ్ల తరబడి అదే చూపించాడు. ఈరోజు భార్య మొదటిసారి మెట్లెక్కి వచ్చింది.

“రోజూ ఏం చూపిస్తున్నారో నన్నూ చూడనివ్వండి.”

అలవాటు కొద్దీ స్వాతికే తిప్పాడు. “పక్కింటి సూర్యుడు, చూడు.”

“ఎంత దగ్గరగా ఉన్నాడండీ,” అంది నమ్మకంగా.

అతనికి తన నాలుకమీదే రోత పుట్టింది.

“అది కాదు. జరుగు.”

నడినెత్తిన హంస ఆకారంలో నక్షత్రాల గుంపు. దాని తోక, రొమ్ము, ఒక రెక్క మూడు మూలలు. రొమ్ముకు ఎదురుగా నాలుగో మూల ఊహించుకుని గొట్టం మెల్లగా జరిపాడు. కన్ను పెట్టే చోటు గొట్టం పైకొసన ఉంది, అదీ ఎత్తుకు పోయింది. ఆమెకు స్టూలు వేశాడు.

“ఏముందీ, రెండు కందిబద్దలు,” అంది. కన్ను మాత్రం తియ్యలేదు. “ఒకదాన్నొకటి వదల్లేదండీ.”

“అవే పక్కిల్లు.”

“మరి మాకు చూపించిందేంటయ్యా?” అన్నారు వరసలోంచి.

బావమరిది చెవిదగ్గరికి వచ్చాడు. “స్వాతికి తిప్పు బావా. లేదంటే రేపట్నుంచి రావద్దు.”

“ఆయనచేత అబద్ధాలాడిస్తున్నావట్రా?” అంది ఆమె స్టూలుమీంచే.

“అక్కా, నువ్వు ముందు దిగు.”

అతను చెయ్యి అందించాడు. ఆమె దిగింది. అతను నీళ్లతొట్టి దగ్గర చేతులు రెండుసార్లు కడుక్కుని, “పద,” అన్నాడు. ఇద్దరూ మెట్లు దిగిపోయారు. మళ్లీ ఎక్కలేదు.

అంతమందికి చూపించగా నిలిచిన రాబడి, నిజం చూసి కన్ను తియ్యని ఒక్క మనిషి. నాలుగో మూలకేసి చూస్తున్న గొట్టం పక్కన, ఆమె దిగిన స్టూలు అలాగే ఉంది.