పద్దెనిమిదో హెచ్చరిక

మా భోజనాల బల్లే నా మనవరాలి ఆఫీసు. అది గీసేవి పెద్ద ఇనుప పీపాలు, లోపల వందల సన్నని గొట్టాలు. గొట్టాల్లో మరిగే నూనె పారుతూ, చుట్టూ తిరిగే వాయువును వేడెక్కిస్తుంది. ఈసారి గీస్తున్నది వాళ్ల నాన్న, అంటే నా కొడుకు, పనిచేసే ఫ్యాక్టరీకే.

లెక్కంతా కంప్యూటరే చేసి, చివర చాంతాడంత హెచ్చరికల జాబితా ఇస్తుంది. ఒక్కోదాని పక్క గడిలో అది ఎందుకు ఫరవాలేదో రాస్తేగాని కాగితం కదలదు. వాళ్ల ఆఫీసు పద్ధతి అది.

"ఇన్ని తిట్లా! ఏం చేశావే?" అన్నాను.

"దీనికీ నీకూ తేడా లేదు నానమ్మా. ఉప్పు తగ్గినా ఇదే గొంతు, ఇల్లంటుకున్నా ఇదే గొంతు."

పదిహేడింటికి చకచకా రాసి పద్దెనిమిదో దగ్గర ఆగింది. వాయువు లోపలికొచ్చే చోట గొట్టాలు వణకొచ్చంటోందట.

"వణికితే?"

"అరిగి అరిగి తెగుతాయి. గొట్టాలను పట్టి ఉంచే ఆసరా పలకలు దగ్గరగా జరిపి మళ్లీ లెక్క వెయ్యాలి. నాలుగు రోజుల పని."

ఆఫీసు పెద్దాయనకు ఫోన్ చేసింది. ఆయన గొంతు వంటింట్లోకి వినబడింది. "పోయినేడు చేసినదానికీ ఇదే వచ్చిందిగా అమ్మాయ్! నిక్షేపంగా నడుస్తోంది. అందులో రాసింది ఎత్తి ఇందులో పెట్టెయ్."

అది ఇంకా తటపటాయిస్తూనే ఉంది. "పెద్దాయన చెప్పాడుగా, రాసేసి రా. అన్నం చల్లారిపోతోంది," అన్నాను. రాసేసింది.

పీపా నడవడం మొదలైన ఎనిమిదో నెలలో ఒక రాత్రి, భోజనం దగ్గర నా కొడుకు కూతుర్ని ఆటపట్టించాడు. "నీ పీపా గుర్రు పెడుతోందే, అచ్చం మీ నానమ్మలాగా."

అది నవ్వలేదు. ఎంగిలి చేత్తోనే పాత కాగితాలు తిరగేసింది. పెద్దాయన చెప్పిన పాత పీపాలో ఆసరా పలకల మధ్య దూరం మూరెడు. దీంట్లో రెండు మూరలు. హెచ్చరిక ఒకటేనని కారణం ఎత్తి రాసింది, దూరాలు చూడలేదు.

"నాన్నా, రేపు దాని దగ్గరికెళ్లకు. ఆపించెయ్."

"ఆపాలంటే దగ్గరికెళ్లాలి కదే, పిచ్చిమొద్దూ."

పీపా ఆపించమని చెప్పడానికి పొద్దున్నుంచి పెద్దాయనకు ఫోన్ చేస్తూనే ఉంది. ఆయన ఎత్తేసరికి పదయింది. తొమ్మిదిన్నరకే గొట్టం తెగి, పీపా మూత అతుకు చీలి, నూనె నా కొడుకు మీద పడింది. మూడో రోజున పోయాడు.

విచారణాధికారి ఇంటికొచ్చేముందు పెద్దాయన ఫోన్ చేశాడు. "కంప్యూటరు ఏమీ చెప్పలేదను. నీకూ మంచిది, నాకూ మంచిది."

అధికారి ఆ బల్ల దగ్గరే కూర్చుని, కంప్యూటరు ముందే ఏమైనా చెప్పిందా అని అడిగాడు. మనవరాలు కాగితం ఆయన ముందుకు తోసింది. "చెప్పింది సార్. పద్దెనిమిదోది చూడండి. ఫరవాలేదని రాసింది నేను. రాయమన్నది మా పెద్దాయన."

"తొందరపెట్టింది నేను. అదీ రాసుకో నాయనా," అన్నాను.

ఆయన కలం ఎత్తి, తన కాగితం పైనుంచి కిందిదాకా చూశాడు. నా మాటకు అందులో గడి లేదు.