సింధూరం కలిపిన కుండీలు

బాలస్వామి రంగు వేస్తే పాత ఎడ్లబండికి కూడా పెళ్ళికళ వస్తుందని నందిగామలో చెప్పుకునేవారు. సొంత ఇంటికి మాత్రం ఆ కళ రాలేదు. అతని భార్య రత్నమణికి రెండు కాన్పులూ నెలలు నిండకుండానే పోయాయి. రెండుసార్లూ ఆమె మిరపచేలకు కూలికి వెళ్ళింది. ఎండా, వంగుడూ, నెత్తిన మోతా కలిసి బిడ్డల్ని మింగాయని బాలస్వామి తేల్చుకున్నాడు. మూడోసారి ఆమె నెల తప్పగానే, ఇక చేలోకి దిగనని బైబిలు మీద ఒట్టు వేయించుకున్నాడు. ఈ బిడ్డ కూడా దక్కకపోతే తాను బతికి దండగ అనుకున్నాడు.

అది అరవై రెండో సంవత్సరం. జగ్గయ్యపేటలో వరప్రసాదరావుగారు మేడ కట్టించి, చుట్టూ సిమెంటు పూలకుండీలు పేర్పించారు. ఆ బూడిదరంగు ఆయన కంటికి ఆనలేదు. బాలస్వామికి కబురు పెట్టారు.

"ఎరుపంటే ఎరుపుండాలోయ్. బస్సులో పోయేవాడు మెడ తిప్పి చూడాలి" అన్నారు.

పెద్దమనుషుల సరదాలు అలాగే ఉంటాయి. మొక్క ఎండినా ఫరవాలేదు, కుండీ మెరవాలి.

బాలస్వామికి మాత్రం అది దేవుడు పంపిన పనిలా తోచింది. భార్యను వెంటబెట్టుకు వచ్చి మేడ వెనక ధాన్యం కొట్టులో కూర్చోబెట్టాడు. అక్కడ ఎండ లేదు, మోత లేదు. తడి రంగుకు దుమ్ము అంటకుండా తలుపులు మూసేవాడు. రత్నమణి సింధూరం గడ్డల్ని చేత్తో చిదిమి, జల్లెడ పట్టి, అవిశెనూనెలో కలిపేది. ఒక కుంచెను పళ్ళ మధ్య పట్టుకుని, కుండీల మీది పూల బొమ్మలకు రేకుల్ని వేలికొసతో అద్దేది. ఎర్రటి పొడి కొట్టంతా తేలుతూ ఉండేది.

"పాస్టరుగారు బొట్టొద్దంటారు గానీ నాకు ఒళ్ళంతా సింధూరమేనయ్యా" అని నవ్వేది.

కొన్నాళ్ళకు ఆ నవ్వు తగ్గింది. "నోట్లో ఇనుము చప్పరించినట్టుంటంది. ఈ పొడి పడట్లేదేమో" అంది.

"ఆంజనేయస్వామికి నిలువెల్లా పూసేది ఇదేగా. దీంతో ఏమవుద్ది" అన్నాడు బాలస్వామి. చర్చికి వెళ్ళే మనిషే అయినా దేవుడికి పూసేది మనిషికి చెరుపు చేస్తుందని అతని బుర్రకు తట్టలేదు. ఆమె కడుపులో మెలిపెడుతోందన్నప్పుడు కూడా, లోపలివాడు గట్టివాడని మురిసిపోయాడు. పిచ్చిమారాజు.

కుండీలు ఇంకా పూర్తికాకముందే ఆమెకు నొప్పులు మొదలయ్యాయి. నందిగామ ఆసుపత్రికి చేర్చాడు. మగబిడ్డ. ఏడవలేదు.

డాక్టరమ్మ రత్నమణి పెదవి ఎత్తి చూసి, బాలస్వామిని వరండాలోకి పిలిచింది.

"ఈమె ఏం పని చేస్తుంది?"

"రంగుల పనేనండి. నీడపట్టునే."

"చిగుళ్ళ మీద నల్లటి గీత పడింది. అది సీసం. మీ సింధూరంలో ఉండేది అదే. తల్లి ఒంట్లో చేరి బిడ్డను చంపింది. ఇక ఆమెను ఆ పొడి ముట్టుకోనివ్వకు."

బాలస్వామికి ఆ కొట్టు తలుపులు గుర్తొచ్చాయి. తన చేతులతో తెచ్చి, తలుపు మూసి మరీ కూర్చోబెట్టాడు. ఆ మాట ఆమెతో ఎలా చెప్పాలో తెలియక మంచం దగ్గర నిలబడ్డాడు.

రత్నమణే ముందు నోరు విప్పింది. "నన్ను తిట్టయ్యా. మొన్న ఇంటికెళ్ళినప్పుడు నీకు చెప్పకుండా అక్కతో మిరపకాయల కోతకెళ్ళా. ఒక్క పూటే. ఒట్టు తప్పా. నేనే చంపుకున్నా వాణ్ణి."

డాక్టరమ్మ మాట అతని నాలుక చివరిదాకా వచ్చింది. చెబితే ఆమె గుండె మీది బరువు దిగుతుంది. కానీ తర్వాత ఆమె తనను చూసే చూపును తట్టుకోలేననుకున్నాడు. పిరికివాడయ్యాడు.

"పోన్లే, ఏడవమాక" అన్నాడు. "ఇంకెప్పుడూ అట్టా చెయ్యమాక."

అంత తప్పును క్షమించినందుకు రత్నమణి అతని చేతులు రెండూ అందుకుని కళ్ళకద్దుకుంది.