ఎడమవైపు నాళం

కొత్తపేటలో జూనియర్ కాలేజీ పిల్లలకి పదమూడేళ్లుగా జువాలజీ చెబుతున్నాను. స్త్రీబీజవాహికల పాఠం నాకు కొట్టిన పిండి. గర్భాశయానికి అటొకటి, ఇటొకటి నాళం. లోపల కంటికి కనపడని నూగులాంటి శైలికలు. ఒక్కో శైలికలో చుట్టూ తొమ్మిది జతల సూక్ష్మనాళికలు. అవన్నీ కదిలితేనే అండం గర్భాశయానికి చేరుతుంది. బొమ్మ కళ్లు మూసుకుని గీసేస్తాను. నా నాళాలు ఎలా ఉన్నాయో మాత్రం పెళ్లయిన తొమ్మిదేళ్లకి కూడా తెలియదు.

నాళాలు తెరుచుకుని ఉన్నాయో లేదో రంగు మందు ఎక్కించి చూద్దామంది అమలాపురం డాక్టరమ్మ. ఆ సంగతి ఇంట్లో చెప్పడమే నేను చేసిన తప్పు. శుక్రవారం చర్చిలో స్త్రీల కూడికలో ప్రార్థన మనవులు అడగ్గానే మా అత్తగారు దానమ్మ లేచి నిలబడ్డారు.

"మా కోడలు ప్రసన్నకుమారి ట్యూబులు తెరుచుకుని ఉండాలని అందరూ ప్రార్థన చెయ్యాలండీ. సోమవారం పరీక్షండి."

"ఆయ్, చేస్తామండీ," అన్నారు నలభై మంది.

నాకు ఒళ్లు మండిపోయింది. ఇంటికొచ్చాక, "మోకాలి నొప్పని చెప్పొచ్చు కదండీ అత్తయ్యగారూ," అన్నాను.

"దేవుడి దగ్గర అబద్ధం ఆడమంటావేంటమ్మా?" అన్నారావిడ.

సోమవారం రంగు కదలడం తెర మీద చూశాను. కుడివైపు మొదట్లోనే ఆగింది. ఎడమవైపు సన్నటి గీతలా చివరిదాకా పాకింది. ఇంకొంచెం, ఇంకొంచెం అని లోపల్లోపల బతిమాలుకున్నాను. బయటికి చిందలేదు, అక్కడే ఉబ్బి ఆగిపోయింది.

"రెండూ మూసుకుపోయేయమ్మా," అంది డాక్టరమ్మ.

తిరుగు బస్సులో మా ఆయన జీవన్ కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. పక్కావిడ ఒళ్లో పసిపిల్ల నా చీర కొంగు గుప్పిట్లో పట్టుకుంది. కొత్తపేట వచ్చేదాకా విడిపించుకోలేదు నేను. నాకు బిడ్డ కావాలి. అంతకంటే వేరే ఏమీ అక్కర్లేదు.

బుధవారం క్లాసులో ఆ పాఠమే వచ్చింది. బోర్డు మీద బొమ్మ గీసి వెనక్కి తిరిగాను. చిన్న గీత తప్పితే చాలు గోల చేసే పిల్లలు, ఆవేళ ఒక్కరూ నోరు మెదపలేదు. సగం మంది అమ్మలు ఆ కూడికలో ఉన్నవాళ్లే మరి.

ముందు బెంచీలోంచి సువార్త అనే అమ్మాయి లేచి వచ్చింది. ఎడమవైపు నాళం చివర నాకు తెలియకుండానే నేను మూసేసిన గీతని వేలితో మెల్లిగా తుడిచింది.

"ఇప్పుడు సరిపోయిందండి మేడమ్," అంది.

"ఆయ్," అన్నాను.

బోర్డు వైపు తిరిగాను. ఆ తెరిచిన చోట చిన్న అండం గీసి, దాని ముందు గర్భాశయం వైపు బాణం గుర్తు వేశాను.